మావయ్య చెవిలో సుత్తి

ఆ రోజుల్లో బరంపురంలో మనిషికి గౌరవం కావాలంటే ఇంగ్లీషు ముక్క రావాలి. ముక్కతోపాటు దాని అర్థం కూడా వస్తే అరుగుల మీద కూర్చున్నవాళ్లు లేచి నిలబడేవారు. ఆ మాట ఎక్కడ పుట్టింది, ఎన్ని దేశాలు తిరిగింది, ఎవరెవరి నోట్లో పడి ఎలా అరిగింది అన్నది కూడా చెప్పగలిగితే, చెప్పేది ఎవరికీ అర్థం కాదు కాబట్టి, ఆ గౌరవానికి ఇక అంతుండేది కాదు. మా అమ్మ అన్నయ్య, అంటే మా మావయ్య, ఈ ఆఖరి రకం మనిషి. హైస్కూల్లో ఇంగ్లీషు మేష్టారు. ఒరిస్సా కొత్తగా వేరే రాష్ట్రమైన కాలం అది. అంతవరకూ మద్రాసు వైపు తిరిగి భయపడటం అలవాటైన మా తెలుగు ఉద్యోగస్తులు ఇకనుంచి కొత్త రాజధాని కటకం వైపు తిరిగి భయపడటం నేర్చుకుంటున్నారు. (భయం పాతదే. దిక్కే కొత్తది.) నేను మావయ్య ఇంట్లోనే ఉండి చదువుకుని, ఆ బడిలోనే చిన్న తరగతులకి మేష్టారిగా కుదిరాను. మీసం ఇంకా సరిగ్గా రాలేదు గాని అభిప్రాయాలు మాత్రం గుబురుగా వచ్చేశాయి.

మావయ్య పాఠం చెప్పే పద్ధతి వేరు. ఇంగ్లీషు మాటల్ని పుస్తకంలోంచి కాకుండా సంచీలోంచి తీసేవాడు. ఒకరోజు రంపం, ఒకరోజు ఉలి, ఒకరోజు పట్టకారు. దాన్ని బల్ల మీద పెట్టి, అది ఇంగ్లీషువాడి నోట్లో ఎన్ని పనులు చేస్తుందో వరసగా చెప్పి, చివర్న దాని పుట్టుక చెప్పేవాడు. "పుట్టుక ఆఖర్న చెప్పాలిరా. మనిషికైనా అంతే, చివర్నే కదా మొదలు గుర్తొచ్చేది" అనేవాడు. అన్నింట్లోకీ ఆయన చేతికి బాగా అలవాటైన పాఠం సుత్తి. హేమర్ అన్న ఒక్క మాట మీద గంట కొట్టేదాకా మాట్లాడేవాడు. అందుకని బడంతా ఆయన్ని హేమరు మేష్టారనే పిలిచేది. ఆ సుత్తి మా వంటింటిది. బెల్లం అచ్చు పగలగొట్టడానికి అత్తయ్యకి అదొక్కటే ఆధారం. మావయ్య దాన్ని సంచీలో వేసుకుపోయిన రోజున ఇంట్లో తీపి ఉండేది కాదు. "మీ పాఠం అయితే గాని మాకు పాయసం లేదు" అని అత్తయ్య సణిగేది. అలా సణుగుతూనే సుత్తిని తుడిచి, తన పాతచీర ముక్కలో చుట్టి ఇచ్చేది. వాళ్లకి పిల్లలు లేరు. సణగడానికి ఆయనా, తిట్టడానికి నేనూ ఉండేవాళ్లం.

ఆ ఏడు వానలు పడ్డాక, పొలసరలో బంధువుల ఇంట పెళ్లికి వెళ్లొచ్చి ఇద్దరూ చలిజ్వరంతో మంచం పట్టారు. పక్కపక్కన రెండు మంచాలు, మధ్యలో నేను, నా చేతిలో క్వినైను సీసా. మావయ్యకి మందు పట్టింది. జ్వరం దిగింది. దిగుతూ దిగుతూ ఆయన వినికిడి కాస్తా పట్టుకుపోయింది. అత్తయ్యకి జ్వరం దిగలేదు. అయినా మావయ్య సంగతి ముందు కనిపెట్టింది ఆవిడే. పక్క మంచం మీంచి ఎన్నిసార్లు పిలిచినా ఆయన కప్పుకేసి చూస్తూ పడుకునే ఉన్నాడు. ఆవిడ నన్ను దగ్గరికి రమ్మని సైగ చేసి, ఊపిరి కూడదీసుకుని చెప్పింది. "ఒరే, మీ మావయ్యకి వినపడ్డం లేదు. ఎవరికీ చెప్పకు. బడి మానిపించేస్తే ఆయన బతకరు." ఆ మాట అంటున్నంతసేపూ మావయ్య తల తిప్పి ఆవిడ పెదాలనే చూస్తున్నాడు. ఆవిడ ఇంక మాట్లాడలేదు. ఆ మధ్యాహ్నమే పోయింది.

కర్మలన్నీ అయ్యాక మావయ్య బడికి బయల్దేరాడు. కొత్త రాష్ట్రంలో పాత మేష్టర్లని తీసేయడానికి సాకులు వెతుకుతున్నారని ఊళ్లో పుకారు. చెవిటి మేష్టారిని ఉంచుకోవడానికి ఏ రాష్ట్రంలోనైనా రూల్సు ఒప్పుకోవు, అది పుకారు కాదు. ఆయనేమో, వినపడనిది తనకి కాదు, ఊరే నెమ్మదిగా మాట్లాడటం మొదలుపెట్టిందన్నట్టు నడిచేవాడు. ఎలా దాచాలిరా భగవంతుడా అని నేను వరండాలో తల పట్టుకు కూర్చుంటే, దారి చూపించినవాడు మా బడి బంట్రోతు. ఆయనది సముద్రపొడ్డున చమఖండి. కుర్రతనంలో సముద్రం మీద వేటకి వెళ్లేవాడు. ఒక తుపానులో తెప్పా తమ్ముడూ రెండూ పోతే సముద్రానికి ఓ దణ్ణం పెట్టి, మా బడిలో గంట కొట్టే పనికి వచ్చేశాడు. మేమంతా తాతా అని పిలిచేవాళ్లం. అత్తయ్య చేతి మజ్జిగ తాగనిదే ఆయనకి మధ్యాహ్నం అయ్యేది కాదు.

"ఇనపడకపోతే ఏటి బాబూ?" అన్నాడు తాత నా పక్కన గొంతుక్కూర్చుని. "మా సమకండిలో కెరటాల కాడ ఎవుడి మాట ఎవుడికి ఇనపడతాది? ఒడ్డు మీద ముసిలోడొకడు నిలబడి కెరటాన్ని సూస్తుంటాడు. ఏటంటే, ఆడు తువ్వాల పైకెత్తితే తెప్ప తొయ్యాల. కిందకి దించితే ఆపాల. అంతే. నోటితో పనేటి? నాను కిటికీ అవతల గంట కాడ నిలబడతాను. పెద్దలెవులైనా వొచ్చి మేస్టారుని ఏదైనా అడిగితే, ఆలు అడగడం అయిపోనాక నాను తువ్వాల ఎత్తుతాను. అప్పుడు మేస్టారు పాఠం సెప్పడం మొదలెడతారు. ఆపాలంటే దించుతాను."

ఇన్‌స్పెక్టర్లు ఎవరొచ్చినా అడిగేది "ఏదీ, పాఠం చెప్పండి" అన్న ఒక్క ముక్కే కాబట్టి ఈ ఉపాయం నాకు బ్రహ్మాండంగా కనపడింది. మావయ్యకి కాగితం మీద రాసి చూపించాను. చదువుకుని, చించేసి, "నాకెందుకురా ఇవన్నీ" అన్నాడు. అని, కుర్చీని కిటికీకి ఎదురుగా జరుపుకున్నాడు. మర్నాటినుంచి బాగానే సాగింది. పిల్లలు పసిగట్టడానికి ఎంతోసేపు పట్టలేదు. ఇంట్లో సంగతులు వీధిలోకీ, వీధి సంగతులు ఇంట్లోకీ మోసే ఆ పిల్లలు దీన్ని మాత్రం ఎక్కడా అనలేదు. ఆయన ఎదురుగా వచ్చి నిలబడి, ఆవులించినంత నోరు తెరిచి ఒక్కొక్క అక్షరం పలికేవాళ్లు. (అదే అలవాటులో లెక్కల మేష్టారి దగ్గరా నోరు తెరిచి, వెక్కిరిస్తున్నారని దెబ్బలు తిన్నారు.) ఈ రాజతంత్రమంతా నా బుర్రలోంచే పుట్టిందని నేను నమ్మడం మొదలుపెట్టాను. చేతులు వెనక్కి కట్టుకుని వరండాలో పచార్లు చేసేవాణ్ణి. నాకొక్కటే తేడా కనపడింది. సుత్తి పాఠంలో మావయ్య ఒక అర్థం వదిలేస్తున్నాడు. నేనూ అడగలేదు.

ఆఖరికి ఇన్‌స్పెక్టరు గారు వచ్చారు. కటకం నుంచి వస్తున్నారంటే ఏదో పులి వస్తుందనుకున్నాం. బక్కగా, తెల్లటి పంచెతో, గొడుగు చంకలో పెట్టుకుని, పెళ్లివారింట్లో దారి తప్పినవాడిలా మెల్లిగా వచ్చారాయన. ఒడియా పెద్దమనిషి. గొంతు మరీ నెమ్మది. మా దురదృష్టం అక్కడే మొదలైంది. అరిచే మనిషైనా అయి ఉంటే మావయ్యకి గాలైనా తగిలేది. నేను తలుపు పక్కన నిలబడ్డాను. కిటికీ అవతల తాత, ఎర్రంచు తువ్వాలు ఉతికి భుజాన వేసుకుని, కెరటం కోసం చూస్తున్నట్టు కళ్లు చికిలించి సిద్ధంగా ఉన్నాడు. బల్ల మీద సుత్తి.

ఇన్‌స్పెక్టరు గారు పాఠం అడగలేదు. మావయ్య దగ్గరకొచ్చి, చేతులు జోడించి, ఒడియాలో, మన 'అయ్యా'కి వాళ్లనే 'ఆజ్ఞా'తో మొదలెట్టి, మెల్లిగా అన్నారు. "ఆజ్ఞా, దారిలో పెద్ద మేష్టారు చెప్పారు. మీ ఇల్లాలు పోయారట. ఇంత కష్టంలోనూ మీరు బడికి వస్తున్నారట. చాలా బాధ కలిగింది." మా ఊళ్లో ఒడియా రానివాడెవడు? కిటికీ అవతల తాతకి ప్రతి ముక్కా వినపడింది. అత్తయ్య పోయిన దగ్గర్నుంచి ఆ మాట అంత మర్యాదగా ఎవరూ అని ఉండరు. పాపం ఆయనకి దుఃఖం పొంగుకొచ్చింది. భుజం మీది తువ్వాలు తీసి కళ్లు తుడుచుకున్నాడు.

తువ్వాలు లేచింది. మావయ్యా లేచాడు. రొమ్ము విరుచుకుని, సుత్తి పైకెత్తి, మొహమంతా నవ్వు చేసుకుని, ఎప్పుడూ ఎలా మొదలెడతాడో అలాగే ఇంగ్లీషులో మొదలెట్టాడు. "అడిగినందుకు నాకు చాలా సంతోషం!"

ఇన్‌స్పెక్టరు గారు జోడించిన చేతులు అలాగే ఉండిపోయాయి. "ఇది కమ్మరి చేతిలో ఉంటే ఇనుముని లొంగదీస్తుంది" అంటున్నాడు మావయ్య. తాతకి చేసిన పని అర్థమై గబుక్కున తువ్వాలు దించాడు. మావయ్య టక్కున ఆగాడు. ఆ నిశ్శబ్దంలో తాతకి మళ్లీ ఏడుపొచ్చింది. తువ్వాలు మళ్లీ లేచింది. "వేలంపాటవాడి చేతిలో కొయ్యది ఉంటుంది. అది బల్లమీద పడిందా, వస్తువు ఇంకొకరి సొంతం!" తువ్వాలు దిగింది, మావయ్య ఆగాడు. లేచింది, తుపాకీలోకి వెళ్లాడు. "మనవాళ్లు గుర్రం అంటారే, ఆ చిన్న ఇనప ముక్క. అది కొడితేనే గుండు కదిలేది!" నేను తలుపు దగ్గర చేతులు ఊపుతున్నాను. దోమలు తోలుకుంటున్నానని మావయ్య అనుకుని ఉంటాడు. నా రాజతంత్రమంతా కాళ్ల కిందనుంచి జారిపోతోంది. మావయ్య పియానో పెట్టెలోని సుత్తుల్ని దాటి, సుత్తిలాంటి తల ఉన్న సొరచేప దాకా వచ్చేశాడు. అప్పటికి ముందు వరసలో ఎవరో వెక్కడం మొదలుపెట్టారు. ఏడుపు అంటుకుంది. తరగతి తరగతంతా కళ్లొత్తుకుంటోంది. అత్తయ్య చేతి బెల్లం ముక్క తినని పిల్లవాడు ఆ గదిలో లేడు మరి.

వినపడకపోయినా మేష్టారికి పిల్లల మొహాలు చదవడం రాకపోదు. మావయ్య సొరచేప దగ్గర ఆగిపోయాడు. పిల్లల్ని చూశాడు, ఇన్‌స్పెక్టరు గారిని చూశాడు, కిటికీలోంచి తాతని చూశాడు. తాత తువ్వాల్లో మొహం దాచేసుకున్నాడు. మావయ్య సుత్తిని బల్ల మీద పెట్టాడు, చప్పుడు కాకుండా.

"ఇంకొకటి ఉంది" అన్నాడు. గొంతు మారింది. "ఈ మధ్య ఈ పాఠంలో దాన్ని వదిలేస్తున్నాను. మనిషి చెవిలో చిన్న ఎముక ఉంది, బియ్యపు గింజంత. ఇంగ్లీషువాడు దాన్నీ హేమర్ అనే అంటాడు. బయట చప్పుడైతే అది లోపల కొడుతుంది. అప్పుడే మనకి వినపడేది. నా చెవిలో అది కొట్టడం మానేసింది. తమరు అడిగింది నాకు వినపడలేదు. దయచేసి రాయండి." సుద్దముక్క తీసి ఇన్‌స్పెక్టరు గారి చేతికిచ్చాడు. (పాడయింది ఆ ఎముక కాదనీ, ఇంకా లోపలిదేదోననీ తర్వాత ఒక డాక్టరు నాతో అన్నాడు. ఆ సంగతి నేను మావయ్యకి చెప్పలేదు. పాఠం మార్చుకోవలసి వస్తుందని బాధపడతాడు.)

ఇన్‌స్పెక్టరు గారు నల్లబల్ల దగ్గరికి వెళ్లి ఇంగ్లీషులో ఏదో మొదలుపెట్టారు. నచ్చలేదు కాబోలు, అరచేత్తో చెరిపేశారు. గుండ్రటి ఒడియా అక్షరాల్లో మళ్లీ రాశారు. మీ ఇల్లాలు పోయారని విన్నాను, బాధగా ఉంది, అని.

మావయ్యకి ఎన్నేళ్లుగానో ఒక అలవాటు. నల్లబల్ల మీద ఏది కనపడినా పైకి చదువుతాడు. ఆయన చదివితే వెనకాలే అందరూ కలిసి చదవడం పిల్లలకి అలవాటు. ఆయన ఆ వాక్యాన్ని పైకి చదివాడు. పిల్లలు, ఏడుస్తూనే, ఒక్క గొంతుతో చదివారు. మీ ఇల్లాలు పోయారని విన్నాను, బాధగా ఉంది. పక్క తరగతులకి కూడా వినపడింది. ఆ గదిలో వినపడనిది ఆయనొక్కడికే. అన్ని పెదాలూ ఒక్కసారి కదలడం మాత్రం చూశాడు. కుర్చీ పట్టుకుని కూర్చుండిపోయాడు. నాకు అప్పుడు నవ్వొచ్చింది. నిజం చెబుతున్నాను, నవ్వే వచ్చింది. నోరు నొక్కుకుంటే కళ్లలోంచి కారింది.

ఇన్‌స్పెక్టరు గారు ఆ వాక్యం కింద ఇంకొక ముక్క రాశారు. పాఠం పూర్తి చెయ్యండి. రాసి, గొడుగు పక్కన పెట్టుకుని, పిల్లల బెంచీ చివర కూర్చున్నారు. మావయ్య లేచాడు. పుట్టుక మిగిలి ఉంది కదా. "పూర్వం చలిదేశాల్లో ఈ మాటకి అర్థం రాయి అని పండితుల ఊహ" అన్నాడు. "మనిషి చేతికి దొరికిన మొదటి పనిముట్టు అదే. తర్వాత దానికి కర్ర కట్టుకున్నాడు. తర్వాత ఇనుము వచ్చింది, రాయిని పారేశాడు. పేరు పారేయలేదు. ఇది ఇనుమే గాని, ఇంగ్లీషువాడు పిలిచినప్పుడల్లా లోపల రాయి పలుకుతుంది. వస్తువు పోతుందిరా. పిలిచిన పేరు ఉండిపోతుంది." ఇన్‌స్పెక్టరు గారు లేచి దణ్ణం పెట్టి వెళ్లిపోయారు. ఆయన చేయగలిగింది, ఆ చదువుల ఏడాది అయ్యేదాకా కాగితం కదలకుండా చూడటం. అది చేశారు. తర్వాత ఆర్డరు వచ్చింది. మావయ్య ఇంటికి, ఆయన కుర్చీలోకి నేను.

ఇన్‌స్పెక్టరు గారు వచ్చిన ఆ రోజు సాయంత్రం, పిల్లలు వెళ్లిపోయాక మావయ్య నన్ను పిలిచాడు. "ఒరే, మీ అత్తయ్య ఆఖర్న నీతో ఏదో అంది. పెదాలు చూశాను. ఇన్నాళ్లూ అడగడానికి భయమేసింది. ఏమందిరా?"

రాసి చూపిద్దామని సుద్దముక్క తీశాను. నల్లబల్లనిండా ఇన్‌స్పెక్టరు గారి అక్షరాలు. చెరపడానికి చెయ్యి రాలేదు. ఆయన చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాను. తల అడ్డంగా ఊపాడు. అరిచాను. మళ్లీ ఊపాడు. ఇక లాభం లేదని, పిల్లల్లా ఆయన ఎదురుగా వచ్చి నిలబడి, ఊపిరంతా తీసుకుని, ఒక్కొక్క ముక్కా గొంతు చించుకుని అరిచాను. "మీకు! వినపడదని! ఎవరికీ! చెప్పొద్దంది!"

వీధిలో పోయే బండి ఆగింది. ఎదురుగా మిఠాయి కొట్టులో ఒడియా ఆయన గరిటె పట్టుకుని బయటికొచ్చి, "కొణ హెలా? ఏమైంది?" అని అడుగుతున్నాడు. గంట దగ్గర కూర్చున్న తాత, "ఏటి లేదు బాబూ, ఏటి లేదు, పాఠమే" అని తువ్వాలు దించి దించి చూపిస్తున్నాడు. మావయ్యకి ఈసారి అందింది. కిటికీలోంచి వీధిలో పోగైన జనాన్ని చూశాడు, నన్ను చూశాడు, అత్తయ్య పోయిన తర్వాత మొదటిసారి నిజంగా నవ్వాడు. "బాగానే దాచేవురా" అన్నాడు. నవ్వుతూనే సుత్తిని ఆవిడ చీరముక్కలో చుట్టడానికి చూశాడు. ముడి పడలేదు. నేను వేశాను.

బడి మానేశాక మావయ్య ఎన్నాళ్లో ఉండలేదు. అత్తయ్య అన్నట్టే అయింది. ఆ సుత్తితో నేను ఉద్యోగమంతా నడిపాను. కొత్తగా వచ్చిన పిల్లలకి మావయ్య ఎవరో తెలియదు. నన్నే హేమరు మేష్టారనేవారు. నేనెప్పుడూ కాదనలేదు. ఆ పిలుపు ఆయనదని నాకు తెలుసు, అది చాలు.

ఇప్పుడు నా చెవులూ ఆ దారినే పోయాయి. మావయ్యకి ఒక్కసారే పోతే నాకు నెమ్మదిగా, వాయిదాల మీద పోయాయి. మా కోడలు పిలిచి పిలిచి విసిగి, అన్నానికి రమ్మనడానికి వంటింటి గుమ్మంలో నిలబడి తువ్వాలు ఎత్తుతోంది. ఎవరూ నేర్పలేదు, దానంతటదే కనిపెట్టుకుంది. తువ్వాలు లేవడం చూస్తే చాలు, నేను కంచం దగ్గరికి వెళ్లకుండా కుర్చీలోంచి లేచి, రొమ్ము విరుచుకుని, "అడిగినందుకు నాకు చాలా సంతోషం!" అంటాను. మనవలు ఎదురుగా చేరి నన్ను వెక్కిరిస్తూ ఆ మాటే అందరూ కలిసి అంటారు. నాకు వినపడదు. పెదాలు కదలడం మాత్రం చూస్తూ ఉంటాను.